ఇల్లు రాసిచ్చే ముందు ఆ దస్తావేజులో ఏముందో చూసుకోండి

సంపాదకులకు నమస్కారం.

మీ జిల్లా పేజీల్లో పదే పదే కనిపించే వార్త ఒకటుంది. ఆస్తి రాయించుకుని కన్నవాళ్లని బయటికి గెంటేశారు, న్యాయం చేయమని కలెక్టరేట్‌కి వచ్చిన పెద్దాయన, చేతిలో అర్జీ, పక్కన భార్య, కింద నాలుగు లైన్లు. చదివినవాళ్లం ఆ కొడుకుని తిట్టుకుంటాం, వాళ్ల మొహాలు చూసి అయ్యో అనుకుంటాం, పేజీ తిప్పేస్తాం. దయచేసి ఆ నాలుగు లైన్లకి ఇంకో లైను కలపండి. ఆయన సంతకం పెట్టింది ఏ కాగితం మీద? దానపత్రమా, సెటిల్‌మెంటా (కుటుంబంలోవాళ్లకి ఆస్తి రాసిచ్చే దస్తావేజు), అమ్మకం దస్తావేజా? అందులో తనని చూసుకోవాలన్న షరతు రాసుందా లేదా? ఆయనకి ఆ ఇల్లు తిరిగొస్తుందా రాదా అనేది చాలావరకు ఆ మాటల మీదే ఆధారపడి ఉంటుంది, ఆ సంగతి మాత్రం వార్తలో ఎక్కడా ఉండదు.

నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు మా పెన్షనర్ల సంఘానికి వచ్చేవాళ్ల కాగితాలు చూసిపెడుతుంటాను, అర్జీలు రాసిపెడుతుంటాను. లాయర్ని కాదు. కానీ ఈ పనిలో కూర్చుంటే ఒక విషయం బాగా అర్థమవుతుంది, మనవాళ్లు స్థలం కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లు, ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం), హద్దులు అన్నీ వందసార్లు చూసుకుంటారు గానీ అదే ఆస్తిని పిల్లలకి రాసిచ్చేటప్పుడు ఒక్క పేజీ కూడా చదవరు. మన పిల్లలే కదా, చదివితే వాడు ఏమనుకుంటాడో అని మొహమాటం.

ఆమధ్య తెలిసినాయనకి సాక్షిగా సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లినప్పుడు మా ముందు ఒక పెద్దావిడ ఉంది. డెబ్బై ఐదు దాటి ఉంటాయి. వేలిముద్ర మెషీన్ మీద బొటనవేలు పెడితే పడట్లేదు, ఏళ్ల తరబడి పనిచేసిన చెయ్యి, గీతలు అరిగిపోయాయి. ఆపరేటరు తడిగుడ్డ ఇచ్చాడు, తుడుచుకుని మళ్లీ పెట్టింది, పడలేదు, చూపుడువేలు పెట్టమన్నాడు. కొడుకు పక్కనే నిలబడి ఆ వేలు పట్టుకుని మెల్లగా నొక్కాడు. దుర్మార్గుడిలా ఏమీ లేడు, తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్లు కూడా తెచ్చిచ్చాడు. అధికారి "ఇష్టపూర్వకంగానే రాస్తున్నావా అమ్మా" అని అడిగితే "నా కొడుక్కే గదయ్యా" అంది. అంతే, రిజిస్ట్రేషన్ అయిపోయింది. ఆ కాగితాల్లో ఏముందో ఆవిడకి ఎవరూ చదివి వినిపించలేదు. బయట బెంచీ మీద కూర్చున్నాక "అంతా సరిగ్గా ఉందా చూడు నాయనా" అని నా చేతికిచ్చింది. మూడో పేజీలో ఉంది: "నేటి నుండి సదరు ఆస్తి యందు నాకు గాని, నా ఇతర వారసులకు గాని ఎట్టి హక్కులు లేవు. సదరు ఆస్తిని ఈ దినమే నీ స్వాధీనము చేసితిని." ఆవిడ ఆ రాత్రి వెళ్లి పడుకోవాల్సింది ఆ ఇంట్లోనే. అక్కడ ఉండే హక్కు తనకి ఉందని చెప్పే మాట మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఎక్కడా లేదు.

ఆ వాక్యం ఎవరో కుట్ర పన్ని రాసింది కాదు. డాక్యుమెంట్ రైటర్ల కంప్యూటర్లలో ఉన్న పాత నమూనాలో అలా ఉంటుంది, పేర్లు, సర్వే నంబర్లు మార్చి ప్రింట్ తీస్తారు. ఆ నమూనా రాయించుకునేవాడి టైటిల్ గట్టిగా ఉండాలని తయారైంది, రాసిచ్చేవాళ్లు ఆ తర్వాత ఎలా బతుకుతారన్న ఆలోచన అందులో లేదు. నా కోపమంతా ఆ నమూనా మీదే.

చట్టం లేక కాదు. 2007లోనే తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది, మన ఉమ్మడి రాష్ట్రంలో దానికి నిబంధనలు 2011లో చేశారు. అరవై ఏళ్లు నిండిన ఎవరైనా దీని కిందికి వస్తారు, కన్నవాళ్లయితే అరవై నిండకపోయినా వస్తారు. ఇందులో 23వ సెక్షన్ ఆస్తి రాసిచ్చినవాళ్ల కోసం పెట్టింది. నా కనీస అవసరాలు, బాగోగులు చూడాలి అన్న షరతుతో వయసు మళ్లినవాళ్లు ఆస్తి రాసిచ్చాక, తీసుకున్నవాళ్లు ఆ మాట తప్పితే, ఆ బదిలీ మోసంతోనో బలవంతంతోనో జరిగినట్టే లెక్కగట్టి ట్రిబ్యునల్ దాన్ని రద్దు చేయొచ్చు. సివిల్ కోర్టులో ఏళ్లకేళ్లు తిరగక్కర్లేదు, ఆర్డీవో స్థాయి అధికారి ట్రిబ్యునల్‌గా కూర్చుంటారు, దానిపై అప్పీలు కలెక్టర్ దగ్గరికి వెళ్తుంది.

చిక్కంతా ఆ "షరతుతో" అన్న మాట దగ్గరే. 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక కేసులో తేల్చి చెప్పింది, పిల్లలకి ప్రేమతో రాసిచ్చినప్పుడు చూసుకోవాలన్న షరతు దానంతటదే ఉన్నట్టు కాదు, షరతు పెట్టినట్టు చూపించాలి అని. ఎన్నో కుటుంబాల కేసులు దాంతో కొట్టుకుపోయాయి, ఎందుకంటే మన దస్తావేజుల్లో "ప్రేమాభిమానములచే" అన్న మాట ఉంటుంది గానీ "నన్ను చూసుకోవాలి" అన్న మాట ఉండదు. తర్వాత 2025 జనవరి 2న మధ్యప్రదేశ్‌కి చెందిన ఒక తల్లి కేసులో అదే కోర్టు, ఇది పెద్దవాళ్ల మేలు కోసం తెచ్చిన చట్టం కాబట్టి ఉదారంగా చదవాలని చెప్పి, దానపత్రం రద్దు చేయడమే కాకుండా ఇంటి స్వాధీనం కూడా ఆవిడకి ఇప్పించింది. చాలామంది ఈ రెండో తీర్పు చూసి ఇక భయం లేదు అంటున్నారు. నేనలా అనుకోవట్లేదు. ఆ తల్లి దగ్గర కొడుకు బతికున్నంతకాలం చూసుకుంటానని దానపత్రం రోజే రాసిచ్చిన విడి కాగితం ఒకటి ఉంది. అది దొంగ కాగితమని కొడుకు వాదించాడనుకోండి, అయినా కాగితమంటూ ఒకటుంది. ఆ పాటి కాగితం కూడా లేనివాళ్ల పరిస్థితి ఏ అధికారి ఎలా చదువుతారన్న దాని మీద నడుస్తుంది, డెబ్బై ఎనభై ఏళ్ల వయసులో ఆ టెన్షన్ ఎందుకు?

కాబట్టి రాసివ్వక తప్పని పరిస్థితి ఉంటే, కొడుక్కి లోను కావాలనో, కూతురి వాటా ఇప్పుడే తేల్చాలనో, ఈ అర్థం వచ్చేలా రెండు మాటలు రాయించుకోండి. లాయరు చేత మీ విషయానికి తగ్గట్టు సరిచేయించుకోండి గానీ సారం మాత్రం వదలకండి.

"నా జీవితకాలము, నా భార్య జీవితకాలము సదరు ఇంటి యందు నివసించుటకు, దానిపై వచ్చు అద్దెలు అనుభవించుటకు మాకు పూర్తి హక్కు కలదు. మా అనుమతి లేకుండా మా జీవితకాలములో సదరు ఆస్తిని అమ్ముటకు, తాకట్టు పెట్టుటకు వీలులేదు."

"మా భోజన వసతి, వైద్యము, ఇతర కనీస అవసరములు నీవు చూడవలెనను షరతు పైననే ఈ ఆస్తిని నీకు ఇచ్చితిని. అట్లు చూడని యెడల 2007 సంవత్సరపు తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టము 23వ సెక్షన్ ప్రకారము ఈ దస్తావేజును రద్దు చేయించుకొను హక్కు మాకు కలదు."

లోను కోసమే రాసిస్తుంటే ఆ తాకట్టు ముక్క దగ్గర బ్యాంకువాళ్లు ఆగుతారు, అప్పుడు మీ అనుమతి ఏ లోనుకి, ఎంతవరకు అన్నది అందులోనే రాయించండి. ఇంకో జాగ్రత్త, "నాకు ఇష్టం వచ్చినప్పుడు రద్దు చేసుకుంటాను" అని రాయించకండి. తెలివిగా రాయించామనుకుంటారు గానీ, ఇచ్చినవాళ్ల ఇష్టాన్ని బట్టి వెనక్కి తీసుకునే దానం ఆస్తి బదిలీ చట్టం 126వ సెక్షన్ ప్రకారం చెల్లదు. వాళ్లు చూడకపోవడం అనే కారణానికి ముడిపెట్టి రాయాలి. మాట మీద నిలబడే పిల్లలకి ఈ రెండు పేరాలతో ఏ నష్టమూ లేదు, వాళ్లు ఎలాగూ చేసే పనే అందులో ఉంది. దీనికి ఒప్పుకోని కొడుకు గానీ కూతురు గానీ ఉంటే రిజిస్ట్రేషన్ వాయిదా వేయండి.

ఇంత తిప్పలు ఎందుకు, వీలునామా రాయండి అని నేను అందరికీ మొదట చెప్పేది. దానపత్రం రిజిస్టరై పిల్లలు ఒప్పుకుని తీసుకున్నాక ఆస్తి చెయ్యి దాటిపోతుంది. వీలునామా అయితే ప్రాణమున్నంతవరకు ఇల్లు మీదే, మనసు మారితే కొత్తది రాసుకోవచ్చు, చివరిగా రాసిందే చెల్లుతుంది. తెల్లకాగితం చాలు, స్టాంపు డ్యూటీ లేదు. రాసినాయన ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం పెట్టాలి, వాళ్లు కూడా ఆయన ఎదుటే సంతకాలు పెట్టాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ చేయించడమే మంచిది, తర్వాత దొంగ వీలునామా అన్న గొడవ కొంత తగ్గుతుంది. మంచం పట్టి కదల్లేనివాళ్లుంటే కారణం చూపించి అర్జీ పెడితే రిజిస్ట్రేషన్ అధికారి ఇంటికే వచ్చే ఏర్పాటు చట్టంలో ఉంది, ఈ సంగతి తెలియక ఆంబులెన్సులో తీసుకెళ్లి ఆఫీసు మెట్ల దగ్గర స్ట్రెచర్ మీద సంతకాలు పెట్టించినవాళ్లని చూశాను. బతికుండగా ఎవరికీ తెలియకూడదనుకుంటే సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాచుకునే వీలు కూడా ఉంది. సాక్షులుగా మీకంటే చిన్నవాళ్లని పెట్టుకోండి, రేపు కోర్టుకి వచ్చి అవును నా ఎదుటే సంతకం పెట్టారని చెప్పాల్సింది వాళ్లే. ఆస్తి వచ్చేవాళ్లని మాత్రం సాక్షులుగా పెట్టొద్దు. బాగా పెద్ద వయసులో రాసేవాళ్లు అదే రోజు డాక్టరు చేత, ఈయన మతిస్థిమితంతోనే ఉన్నారని ఒక సర్టిఫికెట్ తీసుకుంటే ఇంకా మంచిది, అది చట్టం అడగదు గానీ గొడవ వచ్చినప్పుడు పనికొస్తుంది.

వీలునామా లేకపోతే ఏమవుతుంది అంటే చాలామంది మగవాళ్లు "ఏముంది, మా ఆవిడకే వస్తుంది" అంటారు. రాదు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం మగాయన స్వార్జిత ఆస్తి భార్యకి, ప్రతి కొడుక్కి, ప్రతి కూతురికి, తల్లి ఉంటే తల్లికి సమానంగా పోతుంది. ముగ్గురు పిల్లలుంటే, తల్లి లేకపోతే, భార్యకి వచ్చేది నాలుగో వంతు. ముప్పై ఏళ్లు కాపురం చేసిన ఇంట్లో ఆవిడ నాలుగో వంతు భాగస్తురాలు. పిల్లలు మంచివాళ్లయితే సరే, వాళ్లలో ఒక్కరికి డబ్బు అవసరం పడితే పార్టిషన్ దావా వేయొచ్చు, ఇల్లు అమ్మి పంచుకోవాల్సిన పరిస్థితి రావచ్చు.

ఇక్కడే ఇంకో సంగతి కాస్త వివరంగా చెప్పాలి. భార్య మీద ప్రేమతోనే చాలామంది వీలునామాలో "నా తదనంతరం నా భార్య జీవితాంతం అనుభవించి, ఆవిడ తర్వాత నా పిల్లలకు చెందవలెను" అని రాస్తారు. వినడానికి బాగుంటుంది. కానీ అలా రాస్తే సాధారణంగా ఆవిడకి వచ్చేది అనుభవించే హక్కు మాత్రమే, అమ్మే హక్కు రాదు. రేపు ఆవిడకి పెద్ద జబ్బు చేసి ఆస్పత్రికి లక్షలు కావాల్సి వస్తే పేరుకి ఇంటి యజమానురాలై ఉండి కూడా పిల్లల సంతకాల కోసం ఎదురుచూడాలి. ఒక పిల్లాడు అమెరికాలో, ఇంకొకరు మాటల్లేకుండా ఉంటే ఇక చెప్పక్కర్లేదు. నా అభిప్రాయం అడిగితే కనీసం ఇల్లో, బ్యాంకు డిపాజిట్లో, ఏదో ఒకటి భార్యకి "సర్వహక్కులతో" రాయండి, ఆ మాటే రాయండి. ఆవిడకి అమ్ముకునే హక్కు ఉంటే ఆస్తి పిల్లలకి దక్కకుండా పోతుందని భయపడేవాళ్లున్నారు, ఆవిడ కూడా ఆ పిల్లల తల్లే కదా, మీకున్న బాధ్యత ఆవిడకి లేదా?

ఆడవాళ్లు వీలునామా రాయడం మన దగ్గర మరీ అరుదు. మాకేం ఆస్తి ఉంది అంటారు. ఇల్లు సగం ఆవిడ పేరునే ఉంటుంది, టీచరుగా చేసిన ఆవిడకి పీఎఫ్, గ్రాట్యుటీ, డిపాజిట్లు అన్నీ ఉంటాయి. పిల్లలు లేని హిందూ స్త్రీ భర్త పోయాక వీలునామా రాయకుండా చనిపోతే, ఆవిడ స్వయంగా సంపాదించుకున్నది కూడా ముందు భర్త తరఫు వారసులకే పోతుంది, ఆవిడని చివరిదాకా చూసుకున్న అక్క కూతురికో తమ్ముడికో కాదు. పుట్టింటి నుంచి వారసత్వంగా వచ్చిందైతే తండ్రి తరఫువాళ్లకి వెళ్తుంది. ఒంటరిగా ఉన్న ఆడవాళ్లు ఎవరైనా ఈ ఉత్తరం చదువుతుంటే, దయచేసి ఈ నెలలోనే రాసేయండి.

పిత్రార్జితం సంగతి వేరు, అందులో మీ వాటా వరకే మీరు వీలునామా రాయగలరు, ఆడపిల్లలకీ పుట్టుకతో సమాన వాటా ఉందని 2005 సవరణ చెప్తోంది, మన రాష్ట్రంలో అయితే అంతకంటే ముందే 1985 నుంచి పెళ్లికాని ఆడపిల్లలకి ఆ హక్కు వచ్చింది. ముస్లింలకి వీలునామా సాధారణంగా మూడో వంతు వరకే. ఇవన్నీ లాయర్‌తో కూర్చుని మాట్లాడుకోవాల్సినవి.

బ్యాంకులో ఉన్నప్పటి నుంచీ చెప్తున్న మాట, నామినీ అంటే వారసుడు కాదు. 1983లోనే సుప్రీంకోర్టు ఇన్సూరెన్స్ కేసులో ఈ సంగతి చెప్పింది, తర్వాత 2023లో షేర్ల విషయంలోనూ అదే అంది. (ఇన్సూరెన్సులో మాత్రం 2015 సవరణ తర్వాత భార్య, భర్త, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలైతే ఆ డబ్బు వాళ్లదే.) బ్యాంకు నామినీకి డబ్బు ఇచ్చేసి చేతులు దులుపుకుంటుంది, ఆ డబ్బు నిజంగా ఎవరిదన్నది వారసులు తేల్చుకోవాలి. పెద్ద కొడుకుని నామినీగా పెట్టి వీలునామాలో కూతురికి రాస్తే ఇద్దరి మధ్యా మీరే తగువు పెట్టినట్టు. రెండూ ఒకేలా ఉండేట్టు చూసుకోండి. 2025 నవంబరు 1 నుంచి డిపాజిట్‌కి నలుగురి దాకా నామినీలని, ఎవరికెంత శాతమో చెప్పి పెట్టుకోవచ్చు, ఇది చాలామందికి ఇంకా తెలియదు. అలాగే ఏ బ్యాంకులో ఏముందో ఒక పుస్తకంలో రాసి ఇంట్లో ఒకరికి చెప్పండి. పదేళ్లు కదలని డిపాజిట్లు రిజర్వ్ బ్యాంకు నిధికి వెళ్లిపోతాయి, వాటిని వెతకడానికి 2023లో ఉద్గమ్ అని పోర్టల్ పెట్టారు. అడిగితే వెనక్కిస్తారు, కానీ ఉందన్న సంగతి తెలిస్తే కదా అడిగేది.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది మతిమరుపు జబ్బు వచ్చిన ఇళ్లు. ఆయన ఇంకా బతికే ఉన్నారు, ఖాతాలో డబ్బుంది, వైద్యానికి కావాలి, కానీ ఆయన సంతకం పెట్టలేరు, పెట్టినా దేనికి పెడుతున్నారో తెలియదు. చెయ్యి కదలనివాళ్లకి దారుంది, బుర్ర బాగుంటే వేలిముద్ర, అదీ కుదరకపోతే కాలివేలి ముద్ర అయినా, ఇద్దరు సాక్షుల ఎదుట తీసుకుని డబ్బివ్వమని బ్యాంకులకి రిజర్వ్ బ్యాంకు చెప్పింది. మతి లేనప్పుడు ఆ దారి పనికిరాదు. "జీపీఏ ఉంది కదండీ" అని, తన తరఫున పనులు చేయమని ఆయన ముందెప్పుడో రాసిచ్చిన అధికార పత్రం తెస్తారు. మన దేశంలో జీపీఏ, ఇచ్చినవాళ్లు చనిపోతేనే కాదు, మతిస్థిమితం కోల్పోయినా మామూలుగా రద్దయిపోతుంది. సరిగ్గా ఏ రోజు కోసం రాయించుకున్నారో ఆ రోజే అది పనికిరాకుండా పోతుంది. కొన్ని దేశాల్లో మతి పోయాక కూడా చెల్లే పవర్ ఆఫ్ అటార్నీలు ఉన్నాయి, మనకి అలాంటి చట్టం లేదు. కుటుంబాలు గార్డియన్‌గా నియమించమని హైకోర్టుకి వెళ్తున్నాయి. ఎనభై ఏళ్ల భార్య హైకోర్టు చుట్టూ తిరగాలా తన భర్త పెన్షన్ డబ్బు తీసుకోవడానికి? పార్లమెంటు చేయాల్సిన పని ఇది, మీ సంపాదకీయాల్లో ఎప్పుడైనా గట్టిగా రాయండి. అంతవరకు మనం చేయగలిగింది, మతి బాగున్నప్పుడే భార్యాభర్తల ఖాతాలు జాయింట్ చేసుకోవడం, "ఐదర్ ఆర్ సర్వైవర్" అని, అంటే ఇద్దరిలో ఎవరైనా డబ్బు తీసుకునేలా, పెట్టుకోవడం. "ఫార్మర్ ఆర్ సర్వైవర్" పెడితే మొదటి పేరున్నాయన బతికున్నంతకాలం రెండోవాళ్లు తీసుకోలేరు, ఫారంలో ఒక్క టిక్కు తేడా.

వెంటిలేటర్ మీద పెట్టాలా వద్దా అన్న ప్రశ్న వచ్చినప్పుడు పిల్లలు ఆస్పత్రి కారిడార్‌లో కొట్టుకోకుండా లివింగ్ విల్, అంటే కోలుకోలేని స్థితి వస్తే ఎలాంటి వైద్యం వద్దో ముందే చెప్పే పత్రం, రాసుకోవచ్చని సుప్రీంకోర్టు 2018లో ఒప్పుకుంది, 2023లో పద్ధతి సులువు చేసింది, ఇప్పుడు ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకం సరిపోతాయి. ఇష్టమున్నవాళ్లు రాసుకోవచ్చు, ఇది ఎవరి మనసుకి తగ్గట్టు వాళ్లు తేల్చుకోవాల్సిన విషయం.

ఇప్పటికే రాసిచ్చేసి ఇబ్బంది పడుతున్నవాళ్ల కోసం కూడా నాలుగు మాటలు. ఆర్డీవో ఆఫీసులో ట్రిబ్యునల్‌కి అర్జీ తెల్లకాగితం మీద ఇవ్వొచ్చు. మీరు వెళ్లలేకపోతే మీరు అధికారం రాసిచ్చిన ఇంకొకరు గానీ సంస్థ గానీ వేయొచ్చు. మనోవర్తి (నెలనెలా పోషణ ఖర్చు) అర్జీని పిల్లలకి నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి, మరీ తప్పనిసరైతే ఇంకో 30 రోజులు. కొడుకులతో పాటు కూతుళ్లు, పెద్దవాళ్లయిన మనవళ్లు, మనవరాళ్లు కూడా బాధ్యులే. విదేశాల్లో ఉన్నా భారత పౌరులైతే చట్టం వర్తిస్తుంది. పిల్లలు లేనివాళ్లు, తమ ఆస్తి అనుభవిస్తున్న లేదా రేపు వారసత్వంగా పొందబోయే బంధువుల మీద వేయొచ్చు. మనోవర్తి నెలకి 10,000 రూపాయలకి మించకూడదని 2007లో రాశారు, ఈరోజు మందుల ఖర్చు చూస్తే అది ఏ మూలకి? ఆ పరిమితి ఎత్తేయాలని 2019లో బిల్లు లోక్‌సభలో పెట్టారు గానీ అది చట్టం కాలేదు. పెద్దవాళ్లని దిక్కులేకుండా వదిలేస్తే మూడు నెలల జైలు, ఐదు వేల జరిమానా దాకా శిక్ష ఉంది. ఫోన్లో అడగాలనుకుంటే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567, ఉచిత న్యాయ సహాయానికి 15100. ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు.

పిల్లలకి కూడా ఒక మాట. మీరు వీలునామా ఊసెత్తితే ఆస్తి మీద కన్నేశారనుకుంటారని భయం, వాళ్లకేమో ఆ మాట ఎత్తితే అపశకునమని భయం, ఈ ఇద్దరి మొహమాటం మధ్య సంవత్సరాలు గడిచిపోతాయి, ఒకరోజు ఫోనొస్తుంది. ఆస్తి సంగతి పక్కనబెట్టి ఇలా అడగండి: "నాన్నా, నీకేమైనా అయితే అమ్మ ఎక్కడ ఉండాలనుకుంటున్నావు, ఏ డబ్బుతో?" ఆ ప్రశ్నకి ఏ తండ్రీ కోప్పడడు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరూ ఉన్నప్పుడే అడగండి, ఒక్కరే రహస్యంగా కూర్చోబెట్టి రాయించుకున్న కాగితం ఎంత న్యాయంగా ఉన్నా మిగతావాళ్లకి అనుమానమే మిగులుతుంది.

రెండు తెలుగు రాష్ట్రాల రిజిస్ట్రేషన్ శాఖలకి మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇది. అరవై నిండినవాళ్లు ఇల్లు గానీ పొలం గానీ పిల్లలకో బంధువులకో దానంగా, సెటిల్‌మెంట్‌గా రాసిచ్చేటప్పుడు వాడే నమూనాలోనే నివాస హక్కు, పోషణ షరతు ముందే అచ్చయి ఉండాలి. వద్దనుకున్నవాళ్లు "మాకు వద్దు" అని విడిగా రాసి సంతకం పెట్టి తీసేయించుకోవాలి, ఇప్పుడున్నట్టు కావాలనుకున్నవాళ్లు వెతుక్కుని రాయించుకోవడం కాదు. రిజిస్టర్ చేసే ముందు, రాయించుకునేవాళ్లని ఐదు నిమిషాలు బయట కూర్చోమని, ఆ పెద్దాయనకో పెద్దావిడకో దస్తావేజు సారాంశం తెలుగులో చదివి వినిపించి, "ఈ సంతకం తర్వాత ఈ ఇల్లు నీది కాదమ్మా, తెలుసా" అని అడగాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదనుకుంటాను, శాఖ నుంచి ఒక సర్క్యులర్ చాలు. మీరు కూడా పైన నేను రాసిన ఆ రెండు పేరాలని ఎవరైనా మంచి న్యాయవాది చేత సరిచూయించి, కత్తిరించి దాచుకునే సైజులో ఒక ఆదివారం వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి